నోటీసు ఇవ్వని చావు

మూడు నెలల ముందు నోటీసు ఇవ్వకుండా ఉద్యోగం వదిలిపోకూడదన్న నిబంధన చావుకు కూడా వర్తిస్తుంది కనుక, సుఖీభవ ఎయిర్ కూలర్స్ కంపెనీలో మోటార్లకు రాగి తీగ చుట్టే గడ్డం ఓదేలు మంగళవారం మధ్యాహ్నం షెడ్డులో ఎండదెబ్బకు చనిపోయి, బుధవారం ఉదయం షిఫ్టుకు మామూలుగానే వచ్చాడు.

గేటు దగ్గర చిన్న ఇబ్బంది ఎదురైంది. వేలిముద్ర యంత్రం చల్లటి వేలిని గుర్తుపట్టలేదు. వాచ్‌మన్ ఐటీ వాళ్ళకు ఫోన్ చేశాడు. వాళ్ళు చెప్పిన ప్రకారం వేలిని కాసేపు వేడి గ్లాసుకు ఆనించి మళ్ళీ పెట్టిస్తే యంత్రం ‘శుభోదయం ఓదేలు’ అంది. ఓదేలు లోపలికి వెళ్ళి, ముందురోజు తాను ఎక్కడ పడిపోయాడో అక్కడే స్టూలు వేసుకుని, సగంలో ఆగిన తీగచుట్టను పూర్తి చేశాడు.

కూలర్లు చేసే చోట కూలీ కూలాడు. ఊరంతటికీ చల్లగాలి పంపే కంపెనీలో ఆ షెడ్డుకు మాత్రం ఒక్క కూలర్ లేదు. తయారైన కూలర్ అంటే సరుకు, సరుకును సొంతానికి వాడుకుంటే దాన్ని దొంగతనం అంటారు. ఏప్రిల్లోనే షెడ్డు వాళ్ళంతా కలిసి కూలర్ అడిగితే మానవ వనరుల విభాగం వెంటనే స్పందించింది. ‘నీళ్ళు తాగండి, నిబ్బరంగా ఉండండి’ అని రంగుల పోస్టరు ఒకటి గోడకు అంటించింది. పోస్టరు మీద పెంగ్విన్ బొమ్మ ఉంది. రేకుల కింద కూర్చున్నవాళ్ళు చెమట తుడుచుకుంటూ దాన్ని చూడవచ్చు.

పెంగ్విన్‌ను ఎంపిక చేసింది హెచ్చార్ అసిస్టెంట్ మేనేజరు హైమవతి. తెనాలి మనిషి, పద్నాలుగేళ్ళ సర్వీసు. ఎవరి మీదా గొంతు పెంచదు, ఎవరు ఏడ్చినా సొరుగులోంచి టిష్యూ పేపరు తీసి ఇస్తుంది. హెచ్చార్ అన్న మాటను షెడ్డులో విడదీసి చదువుతారు. హెచ్చులు వాళ్ళవి, ఆర్తనాదం మనది అని. హైమవతికి ఆ సంగతి తెలుసు. తెలిసినా పట్టించుకోదు. పట్టించుకోకపోవడం కూడా ఆమె అర్హతల్లో ఒకటి.

నిబంధన కొత్తదేమీ కాదు. ‘ఏ కారణం చేతనైనా’ అని అపాయింట్‌మెంట్ ఆర్డరులో అచ్చువేసి ఉంది. ఏ కారణం అంటే ఏ కారణమైనా. చావు కారణం కాదని ఎక్కడా రాయలేదు. నోటితో చెబితే చాలదు, నోటీసు కావాలి. యముడు ఆ నోటీసు ఇవ్వడు, అది అతని పద్ధతి. కంపెనీ పద్ధతి కంపెనీది. నిరుడు పెయింటింగ్‌లో ఒకాయన, అంతకుముందు స్టోర్స్‌లో ఒకావిడ ఇలాగే చనిపోయి, నోటీసు కాలం పూర్తి చేసి, వీడ్కోలు కేకు కోసి, నలుగురితో ఫొటో దిగి వెళ్ళిపోయారు. కేకు మాత్రం తినలేదు.

బుధవారం సాయంత్రం కంపెనీ బస్సు ఓదేలును ఇంటి దగ్గర దింపింది. అయితే వాళ్ళది అద్దె ఇల్లు. నగరంలో అద్దె ఇంటి గడపను శవం దాటనివ్వరన్నది అందరికీ తెలిసిందే. ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి చాలా మర్యాదగా మాట్లాడాడు.

“ఓదేలన్నా, నీ మీద నాకేం కోపం లేదు. బతికినన్నొద్దులు ఒకటో తారీఖుకే కిరాయి ఇచ్చినవ్. గని సచ్చినంక లోపటికి రానిస్తే రేపు నా ఇంట్ల ఎవడు దిగుతడె?”

“అది గూడ నిజమే,” అని ఓదేలు అదే బస్సు ఎక్కి వెనక్కి వచ్చి రెండో షిఫ్టు కూడా చేశాడు. ఆనాటి నుంచి రెండు షిఫ్టులూ అతనివే. చచ్చినట్టు పని చేస్తాడు అని సూపర్‌వైజర్లు వాడుకగా అనే మాట ఆ షెడ్డులో ఉపమానం స్థాయి నుంచి హాజరుపట్టీ స్థాయికి ఎదిగింది.

ఓదేలు భార్య కనకవ్వ వారం ఓపిక పట్టి, ఎనిమిదో రోజు వచ్చి గేటు దగ్గర కూర్చుంది. వాచ్‌మన్ లేపబోతే లేవలేదు. హైమవతి వెళ్ళింది.

“లోపలికి రా కనకవ్వా, ఎండలో ఎందుకు.”

“ఎండల కూసుంటె ఏమైతది మేడం? సస్తనా? సస్తె నన్ను గుడ పనికి వెట్టుకుంటరా?”

హైమవతి టిష్యూ పేపరు ఇచ్చింది. కనకవ్వ దాన్ని చూసి, ఏం చేయాలో తెలియక, మడిచి కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

“సూడు మేడం. శవం లేచేదాక వాడకట్టుల పొయ్యి ముట్టియ్యరు. మీకు తెల్సో తెల్వదో. ఇప్పుడు మా వాడకట్టంత బండి మీది ఇడ్లీలు తిని బతుకుతున్నరు. చిన్న పిల్లల కడుపులు ఖరాబైనయి. పొద్దున లేస్తె నా తలుపు కాడికొచ్చి, ‘ఓదేలెప్పుడు లేస్తడు’ అని అడుగుతున్నరు. నేనేం చెప్పాలె? ఆయన డూటీల ఉన్నడు అని చెప్పాల్నా?”

“అర్థమైంది.”

“ఏమర్థమైంది?” కనకవ్వ తల ఎత్తింది. “మట్టిల కలిసేదాక దినాలు లెక్కకు రావు. దినాలు గాకపోతె నేనెవ్వల్ని? పొద్దున అద్దం ముందట నిలవడి బొట్టు పెట్టుకోవాల్నా, తియ్యాల్నా? నువ్వు సదువుకున్నదానివి గద, చెప్పు.”

హైమవతి పద్నాలుగేళ్ళలో ఎన్నో ప్రశ్నలకు జవాబులు ఇచ్చింది. దీనికి మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ జవాబు లేదు. జీవితంలో మొదటిసారి ఆమె పై అధికారిని అడక్కుండా ఒక మాట అనేసింది.

“వచ్చే శనివారం లోపల ఓదేలు గారిని పంపించే దారి చూస్తాను. నా మాట.”

“మాటనా, కాయిదమా?”

“మాటే.”

“అయితె నమ్ముత,” అంది కనకవ్వ. “కాయిదం చూసినంకనే గద మాకీ గతి.”

హైమవతి చెప్పినదంతా జనరల్ మేనేజరు విని, మే నెలలో కూలర్ల గిరాకీ ఎలా ఉంటుందో గుర్తుచేశాడు. బతికున్నవాళ్ళు మధ్యాహ్నం దాటితే సోలిపోతున్నారని, ఓదేలు ఒక్కడే షెడ్డు పరువు నిలబెడుతున్నాడని చెప్పాడు. “అయినా నువ్వు గురువారం ట్రైనింగ్‌కి వెళ్తున్నావుగా. సరిగ్గా ఇదే సబ్జెక్టు. అక్కడ అడుగు.”

శిక్షణ అన్న మాటలో మూడింట రెండు వంతులు శిక్షే. అది స్టార్ హోటల్లో పడింది. రెండు రోజులు, రెండు పూటలా బిర్యానీ. హాలును ఎంత చల్లబరిచారంటే వచ్చినవాళ్ళందరికీ తలా ఒక శాలువా కప్పారు. వేదిక మీద బ్యానర్: ‘కార్యస్థల సవాళ్లు: మానవ వనరుల నిపుణులకు వృత్తి వికాసం’. సవాళ్లు అన్న మాట చివరి వరసలో కూర్చున్నవాళ్ళకు ఇంకోలా వినిపిస్తే అది మైకు తప్పు కాదు.

శిక్షకుడి పేరు యశోధర్. చెంపకు మైకు, పెదవికి చిరునవ్వు, రెండూ అతికించినవే. పరిచయాల్లో భాగంగా ప్రతి ఒక్కరూ తమ పేరు, కంపెనీ, తమ దగ్గర నోటీసు కాలంలో ఎంతమంది చనిపోయినవాళ్ళు పనిచేస్తున్నారో చెప్పాలన్నాడు. హైమవతి పక్కన కూర్చున్న సిమెంటు కంపెనీ సుదర్శనం లేచి, “మాకు పదకొండు మందండి. అందులో ఒకాయన సేఫ్టీ ఆఫీసరు,” అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది.

“మొట్టమొదటి పాఠం,” అన్నాడు యశోధర్. “చనిపోయాడు అనకండి. అది తీర్పు. మనం తీర్పులు చెప్పం. శరీర భాష మారింది అనండి.”

అందరూ రాసుకున్నారు.

“చావు కబురు చల్లగా చెప్పాడు అని మన తెలుగులో వెటకారం చేస్తారు. నేనంటాను, వెటకారం ఎందుకండీ? చల్లగా చెప్పడం ఒక నైపుణ్యం. వేడిగా చెబితే గొడవ, వెచ్చగా చెబితే ఏడుపు. చల్లగా చెబితే సంతకం. ఈ రెండు రోజులూ మనం నేర్చుకునేది ఆ చల్లదనమే.”

హైమవతి శాలువా ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

యశోధర్ చెప్పినదాంట్లో లాజిక్ తప్పు పట్టడానికి లేదు. చనిపోయిన ఉద్యోగి సవాలే కాదు. అతను తిండి అడగడు, బాత్రూముకు వెళ్ళడు, పిల్లవాడికి జ్వరం అనడు, ఎండ అని అసలే అనడు. అసలైన సవాలు బతికున్నవాళ్ళు. పక్కన అంత చక్కటి ఉదాహరణ కూర్చుని పనిచేస్తుంటే చూసి కూడా నేర్చుకోరు. వాళ్ళను ఆ స్థాయికి తీసుకురావడమే వృత్తి వికాసం. ఎవరో చేయెత్తి, “అంటే చంపాలా సార్?” అని అడిగారు. యశోధర్ నొచ్చుకున్నాడు. “మనం ఎవరినీ చంపం. అవకాశాలు కల్పిస్తాం,” అన్నాడు.

మధ్యాహ్నం అభినయం. ఒకరు మృతుడి బంధువుగా, ఇంకొకరు హెచ్చార్‌గా నటించాలి. హైమవతిని బంధువుగా, సుదర్శనాన్ని అధికారిగా నిలబెట్టారు. హైమవతికి నటించడం రాదు. అందువల్ల ఉన్నది ఉన్నట్టు కనకవ్వ మాటలే అప్పజెప్పడం మొదలుపెట్టింది. వాడకట్టు, పొయ్యి, ఇడ్లీలు. చెబుతున్న కొద్దీ ఆమె గొంతు ఆమెది కాకుండా పోయింది. కడుపులోంచి ఒక మంట లేచింది. పద్నాలుగేళ్ళుగా టిష్యూ పేపర్ల కింద అణచి పెట్టుకున్నదంతా ఒక్కసారి అంటుకున్నట్టయింది.

“బొట్టు పెట్టుకోవాలా, తియ్యాలా? అది చెప్పండి ముందు. కూలర్ అడిగితే పక్షి బొమ్మ పెట్టారు. మనిషిని అడిగితే నోటీసు అంటున్నారు. మీ ఇంట్లో ఎవరూ పోలేదా?”

సుదర్శనం యశోధర్ వైపు చూశాడు. యశోధర్ వేదిక దిగి వచ్చి, హైమవతి కళ్ళలోకి చూసి, అమ్మవారి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి అన్నాడు.

“చూద్దాం అమ్మా. ప్రాసెస్‌లో ఉంది.”

కొట్టేవాణ్ణి కొట్టవచ్చు, తిట్టేవాణ్ణి తిట్టవచ్చు, చూద్దాం అన్నవాణ్ణి ఏం చేస్తారు? మంట ఎలా లేచిందో అలాగే చప్పబడింది. ఆమె కూర్చుంది.

“గమనించారా,” అన్నాడు యశోధర్ హాలు వైపు తిరిగి. “ఆగిపోయారు. మనిషితో ఎవరైనా పోట్లాడతారు. ప్రాసెస్‌తో పోట్లాడలేరు. అందరూ ఒకసారి అనండి.”

అందరూ అన్నారు. హైమవతి పెదవులు కూడా కదిలాయి.

టీ దగ్గర ఆమె సుదర్శనాన్ని పట్టుకుంది. ఒక మనిషిని శనివారం లోపల పంపించాలి, దారేమన్నా ఉందా అని అడిగింది.

“డిస్మిస్ చేసెయ్యండి మేడం, దానికింత ఆలోచన ఎందుకు,” అన్నాడు అతను బిస్కెట్ ముంచుకుంటూ. “తప్పు చేసినవాడికి నోటీసు కాలం ఉండదు. ఆ నిమిషమే గేటు బయట.”

“ఆయనేం తప్పు చేస్తాడండీ, చనిపోయాడు.”

“శరీర భాష మారింది,” అని సరిదిద్దాడు సుదర్శనం. “డ్యూటీలో నిద్ర. శవం చెయ్యగలిగినవాటిలో అంతకన్నా తేలికైన తప్పేముంది?”

ఆ సాయంత్రం హైమవతి హోటల్ నుంచి నేరుగా షెడ్డుకు వెళ్ళింది. రేకులు ఇంకా పొగలు కక్కుతున్నాయి. బతికున్నవాళ్ళు చొక్కాలు విప్పి గోడకు చేరగిలబడ్డారు. ఓదేలు ఒక్కడే చుడుతున్నాడు. అతని నుదుట చెమట లేదు.

“ఓదేలు గారూ, ఒక్క అరగంట ఇక్కడ పడుకోండి.”

“పండుకుంటె పోతనేమో మేడం.”

“పోవాలనే.”

ఓదేలు చేతిలో ఉన్న చుట్టను చూశాడు. “లాట్ ఆగిపోతది.”

“ఆగనివ్వండి.”

అతను తీగ కొసను మెలితిప్పి కట్టాడు. కట్టరును దాని చోట పెట్టాడు. అట్టపెట్టె ఒకటి విప్పి నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

“ఇరవై ఏండ్ల సంది ఈడ్నే ఉన్న గని, ఈ రేకుల దిక్కు మొకం వెట్టి సూసుడు ఇదే మొదటిసారి మేడం. గింత ఎత్తుంటదా ఇది,” అన్నాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూయగానే అతను ఏమయ్యాడో అదే అయ్యాడు. దవడ వదులైంది, చేతులు విడివడ్డాయి. గోడకు ఆనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరో తువ్వాలు తీసి కాళ్ళ మీద కప్పారు. హైమవతి ఫోన్‌తో సాక్ష్యం కోసం ఫొటో తీయాలి, తీయలేకపోయింది. ఫొటో ఆమె వెంట వచ్చిన వాచ్‌మన్ తీశాడు. తీసి, నిబంధన ప్రకారం భుజం పట్టుకుని గట్టిగా కుదిపాడు. రెండుసార్లు కుదిపితే ఓదేలు కళ్ళు తెరిచి, “సారీ సార్,” అని లేచి స్టూలు మీద కూర్చున్నాడు.

మర్నాడు శిక్షణ మొదలయ్యే వేళకు జనరల్ మేనేజరు ఫోన్ వచ్చింది. “చూశాను హైమా. డ్యూటీలో నిద్ర, నిజానికి డిస్మిస్ చెయ్యాలి. కానీ మానవతా దృక్పథం అనేది ఒకటుంటుంది కదా. ఇరవై ఏళ్ళ సర్వీసు, ఇదే మొదటి తప్పు. క్షమించేశాను.” ఆయన అక్కడితో ఆగలేదు. “ఊరికే క్షమిస్తే మిగతావాళ్ళు పాడవుతారు. అందుకని నోటీసు కాలం ఒక నెల పెంచాను.”

దయ కూడా ఎంత దారుణంగా ఉండగలదో ఆ కంపెనీలో చాలామందికి తెలుసు. హైమవతికి ఆ పూట తెలిసింది.

ఆ రోజు ప్రతి ఒక్కరూ తమ సమస్యను వేదిక మీద పెట్టి పరిష్కారం చెప్పాలి. హైమవతి వంతు వచ్చింది. ఆమె శాలువా తీసి కుర్చీ మీద పడేసి వెళ్ళింది.

“నా దగ్గర పరిష్కారం లేదు,” అంది. “నేను మాటిచ్చాను. రేపు శనివారం. కర్మాగారం అని పేరు పెట్టుకున్నాం, ఒక మనిషికి కర్మ జరగనివ్వడం లేదు. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒక శవాన్ని ఇంటికి పంపడానికి మన దగ్గర ఒక్క దారి లేదంటే, మనల్ని ఏమనాలి?”

యశోధర్ కోప్పడలేదు. కోపం అతని కోర్సులో లేదు. “దారి లేదని ఎవరన్నారు? మీ నిబంధన రెండో వాక్యం చదవండి.”

హైమవతి ఫోన్‌లో వెతికి చదివింది. మూడు నెలలు, లేదా తన పనిని వారసుడికి పూర్తిగా అప్పగించేవరకు, ఏది ముందైతే అది.

“వారసుడెవరు? కొత్త నియామకాలు ఆపేశారు.”

“అన్నీ ఆపేశారా?”

“కారుణ్య నియామకాలు తప్ప,” అంది హైమవతి. అంటూనే ఆగింది. పద్నాలుగేళ్ళు అదే పనిలో అరిగిన బుర్ర, తెగిన రెండు తీగ కొసల్ని దానంతట అది మెలివేసింది. “ఆయన భార్య. ఆవిడ పని నేర్చుకుంటే… నేర్చుకున్న రోజే ఆయన్ని పంపించవచ్చు.”

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సుదర్శనం ఈల కూడా వేశాడు. యశోధర్ ఆమెకు గాజు జ్ఞాపిక ఇచ్చి, వచ్చే బ్యాచ్‌కు అతిథిగా రమ్మన్నాడు. హైమవతి ఏడ్చింది. సంతోషంతోనే.

శనివారం గేటు దగ్గర కనకవ్వ మొత్తం విని ఒక్క ప్రశ్నే అడిగింది.

“పని నేర్చుకుంటె ఇడుస్తరా?”

“నేర్చుకున్న రోజే.”

“సంతకం ఏడ వెట్టాలె?”

హైమవతి చోటు చూపించింది. కనకవ్వ చదవలేదు. చదివి మాత్రం ఏం చేస్తుంది? గొంతు దాకా నీళ్ళలో ఉన్నవాడు పడవ మీద రాసింది చదివి ఎక్కడు.

సోమవారం నుంచి ఓదేలు పక్కన ఇంకో స్టూలు పడింది.

“గట్టిగ గుంజకు, తెగుతది. మెల్లగ,” అనేవాడు ఓదేలు. “పిల్ల జడ అల్లినట్టు.”

“ఇంట్ల ఎన్నడన్న గింత మెల్లగ చెప్పినవా నాకు?”

“ఇంట్ల నువ్వు ఇన్నవా?”

షెడ్డు నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ రేకుల కింద నవ్వు వినిపించింది. వాళ్ళ పెళ్ళయ్యాక పగటిపూట అంతసేపు పక్కపక్కన కూర్చున్నది అదే మొదలని కనకవ్వ ఎవరితోనో అంది. అతను బతికున్నన్నాళ్ళూ తెల్లవారకముందు వెళ్ళి, పొద్దుపోయాక వచ్చి, తిని పడుకున్నాడు. ఇప్పుడే తీరిక దొరికింది.

కనకవ్వ మొదట్లో రాక్షసిలా నేర్చుకుంది. వాడకట్టు ఎదురుచూస్తోంది. తీగ కోసుకుపోయి వేళ్ళు చీరుకున్నా ఆగలేదు. తీరా దాదాపు పూర్తిగా వచ్చేసిందనుకున్న వారంలో ఆమె చుట్టిన చుట్టల్లో తప్పులు పడడం మొదలైంది. నిన్న సరిగ్గా చుట్టిందే ఇవాళ వదులైపోయేది. సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. హైమవతి వచ్చి చూసి వెళ్ళింది. ఒక సాయంత్రం ఓదేలు పక్కకు వంగి చిన్నగా అన్నాడు.

“నీకు వచ్చిందే, కనకా. నాటకాలు జెయ్యకు. పిల్లలు ఇడ్లీలు తినలేక సస్తున్నరట. నన్ను పోనీ.”

కనకవ్వ ముక్కు చీది, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక చుట్టను మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చుట్టింది. సూపర్‌వైజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఓదేలు చుట్టిందా, ఆమె చుట్టిందా అని అడిగాడు. అప్పగింత పూర్తయినట్టు హైమవతి సంతకం చేసింది.

రిలీవింగ్ లెటర్‌లో, అందరికీ రాసినట్టే, ‘మీ ఉజ్జ్వల భవిష్యత్తుకు శుభాకాంక్షలు’ అని ఉంది. ఓదేలు దాన్ని జేబులో పెట్టుకుని, అందరికీ దండం పెట్టి, అట్టపెట్టె మీద పడుకుని, ఈసారి ఎవరు కుదిపినా లేవలేదు.

కనకవ్వ సెలవు అడిగింది. ఒక్క పూట. హైమవతి నిబంధనలు తీసింది. కొత్తగా చేరినవాళ్ళకు ఆరు నెలలు ప్రొబేషన్, ప్రొబేషన్‌లో సెలవు లేదు. చూద్దాం అనకుండా నిజంగానే చూసింది. జనరల్ మేనేజరు గదికి వెళ్ళి అరగంట వాదించింది. ఉద్యోగం పోయినా సరే అన్నంత దూరం వెళ్ళింది. వెళ్ళి ఒక వెసులుబాటు సాధించుకుని వచ్చింది. శవం ఉన్న వ్యాను వెళ్ళేటప్పుడు షెడ్డు ముందు ఆగుతుంది, సరిగ్గా టీ విరామంలో, పది నిమిషాలు. ఇదివరకు ఎవరికీ ఇవ్వనిది.

వ్యాను ఆగింది. ఓదేలు వాళ్ళ అన్న కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు కూర్చున్నాడు. డప్పు మాత్రం కొట్టలేదు, షెడ్డు లోపల పని చెడుతుందని. కనకవ్వ బయటికి వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళను గేటు లోపలికి రానివ్వలేదు కనుక చేయాల్సిందంతా ఆమె ఒక్కతే చేసుకోవాలి. చేతులకు రాగి పొడి, వార్నిష్. యంత్రాలు తుడిచే దూది ఉండ ఒకటి బొడ్డున దోపుకుని ఉంటే తీసి, నుదుటి మీద బొట్టు తనే తుడుచుకుంది. జిడ్డుకు అది పోకుండా చెదిరింది. ఇంకోసారి తుడుచుకుంది. గాజులు వ్యాను తలుపుకేసి కొట్టుకుంది. అతని కాళ్ళు పట్టుకుని ఏదో చెప్పింది. విరామం అయిపోయిన సైరన్ మోగుతుంటే ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు.

వ్యాను గేటు దాటింది. కనకవ్వ తిరిగి షెడ్డు వైపు నడుస్తూ గుమ్మం దగ్గర నిలబడిన హైమవతిని చూసి ఆగింది.

“లేటైందా మేడం?”

హైమవతి అప్పటికే గడియారం చూసుకుని ఉంది. “రెండు నిమిషాలు.”

“జీతంల కోస్తరా?”

హైమవతి ఆమె నుదుటి మీది ఎర్రటి మరకను చూసింది, సొరుగులోంచి తెచ్చిన టిష్యూ పేపరు ఒకటి ఇచ్చింది.

“లేదులే కనకవ్వా. ఈసారికి వదిలేస్తున్నాను.”

“సల్లగుండు తల్లీ,” అంది కనకవ్వ, లోపలికి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

ఆ పూటంతా హైమవతికి తాను ఎంత మంచిదో అనిపిస్తూనే ఉంది.